నేలలోంచి మొలిచిన ఆటగాళ్లు

ఈ కాలపు ఫుట్‌బాల్‌లో మైదానం అంచుల వెంట పరిగెత్తేవాడు ఒక్కడూ మిగలలేదని మా బావగారు కొన్నేళ్ల పాటు గట్టిగా వాదించారు. ఆ వాదన తప్పని నేను ప్రతిసారీ రుజువు చేశాను. నా రుజువులన్నీ సరైనవే. కానీ ఆయన చూపు రెండు పక్కల నుంచీ లోపలికి కుంచించుకుపోతోందని, ఆయన చెబుతున్నది ఆటగాళ్ల గురించి కాక తన కళ్ల గురించేనని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

బావగారంటే మా అక్క భర్త. మచిలీపట్నంలో చిలకలపూడి వైపు వాళ్ల ఇల్లు. రోల్డ్ గోల్డ్ నగలకు రాళ్లు పొదగడం ఆయన వృత్తి. నేను గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆదివారం ఆరాధన ముగిశాక బస్సెక్కి బందరు వెళ్లడం, అక్క వండింది తినడం, సాయంత్రం బావగారి పక్కన కూర్చుని ఫుట్‌బాల్ చూడడం నాకు చాలాకాలంగా అలవాటు. మా రెండు కుటుంబాల్లో మిగతా అందరూ క్రికెట్ మనుషులు. అందువల్ల వాదించుకోవడానికి ఆయనకు నేను, నాకు ఆయన తప్ప వేరే దిక్కు లేదు.

చదువుకునే రోజుల్లో ఆయన కాలేజీ జట్టుకు లెఫ్ట్ ఔట్ ఆడారు. ఎడమ గీత పక్కన పరిగెత్తుతూ బంతిని లోపలికి అందించేవాణ్ణి ఇప్పుడు వింగర్ అంటున్నారు. ఆయన మాత్రం పాత పేరు వదల్లేదు. ఆటగాళ్ల మీద ఆయన అభిప్రాయాలు సాధారణంగా ఆలోచించదగినవిగానే ఉండేవి. ఎగిరి బంతి పట్టే గోల్‌కీపర్ కన్నా, ఎగరవలసిన అవసరం రాని చోట ముందే నిలబడే గోల్‌కీపర్ గొప్పవాడనేవారు. గోల్ చేశాక చొక్కా విప్పి తిప్పేవాడు, ఆ గోల్‌కు బంతి అందించినవాడి దగ్గరికి వెళ్లాడా లేదా అన్నది గమనించేవారు. వెళ్లకపోతే, "గోలు తక్కువ, గోల ఎక్కువ" అని తేల్చేసేవారు. ఈ మాటల్లో కొన్నింటిని నేను చాలా ఆటలకు అన్వయించి పరీక్షించాను. ఎక్కువ నిలబడ్డాయి.

మా మధ్య ఒక నియమం ఉండేది. ఆట దగ్గర 'అట' అనే మాట పనికిరాదు. ఫలానా వాడు బద్ధకస్తుడట, ఫలానా వాడికి కోచ్‌తో పడదట అంటే ఒప్పుకునేది లేదు. చూసింది మాత్రమే చెప్పాలి. ఈ నియమం పెట్టింది నేనే, ఇష్టంగా పాటించింది ఆయన. విన్న మాటను అనుమానించడం నాకు చదువు నేర్పింది. 'చూశాను' అన్న మాటను కూడా అనుమానించవచ్చునని ఆ గదిలో నాకు తోచలేదు.

ఆయన చూసి చెప్పిన తీర్పుల్లో అన్నిటికన్నా కఠినమైనది ఒక కొత్త కుర్రవాడి మీద. మేము ఇష్టంగా చూసే జట్టులోకి అప్పుడే వచ్చిన లెఫ్ట్ వింగర్ అతను. ఒక ఆదివారం అతను సగం మైదానం నుంచి గీత పక్కనే బంతిని తీసుకుపోయి లోపలికి అందించాడు. మధ్యలో ఉన్నవాడు తల ఆనించి గోల్ చేశాడు.

"వీడెక్కణ్ణుంచి వచ్చాడమ్మా?" అన్నారు బావగారు. "నేల్లోంచి మొలిచాడా?"

"ఎడమ పక్కనుంచి బావగారూ. అంత దూరం నుంచీ పరిగెత్తుకుంటూనే వచ్చాడుగా."

"అంతసేపు పరిగెత్తితే నాకు కనబడడా? లెఫ్ట్ ఔట్ ఆడినోణ్ణి, లెఫ్ట్ ఔట్‌ని గుర్తుపట్టలేనా? ఎక్కడో నిలబడి నిద్రపోయుంటాడు, బంతి కాలికి తగిలాక మెలకువొచ్చింది."

"రుజువు కావాలా?"

"నీకు రుజువులు తప్ప ఇంకేం వచ్చు లెక్చరరమ్మా. చూపించు."

నేను అదే ఆటను ఫోన్‌లో వెనక్కి తిప్పి ఆయన చేతికిచ్చాను. చెయ్యి చాచి పట్టుకుని చూశారు. ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనబడింది.

"ఇందులో ఉన్నాడే! మరి టీవీలో చూపించరేం? ఆ కేబుల్ వాడు పక్కలు కత్తిరించేస్తున్నాడమ్మా."

"కత్తిరించి ఏం చేసుకుంటాడండీ?" అంది అక్క వంటింట్లోంచి. "జాకెట్లు కుట్టించుకుంటాడా?"

ఆ మాటా నేను పరీక్షించాను. టీవీలో బొమ్మను ఆపి, ఫోన్‌లో అదే క్షణం దగ్గర ఆపి, రెండూ పక్కపక్కన పెట్టి అంచు నుంచి అంచు వరకు పోల్చాను. తేడా లేదు. కేబుల్ మనిషి నిర్దోషి అని ప్రకటించాను. ఒకే బొమ్మ పెద్ద తెరమీద ఆయనకు సగమే కనబడి, అరచేతిలో పట్టే తెరమీద పూర్తిగా ఎందుకు కనబడిందన్నది అసలైన ప్రశ్న. దాన్ని నేను వేసుకోలేదు. వాదనలో గెలిచాను కనుక అక్కడితో ఆపేశాను.

ఆ తరువాత 'మొలిచాడు' అన్నది మా ఇంటి మాట అయింది. ఆయన నోట అది తరచుగా వినబడేది. డిఫెండర్ మొలిచేవాడు, రిఫరీ మొలిచేవాడు, ఒక్కోసారి మా అక్క కాఫీ గ్లాసుతో మొలిచేది. మేము నవ్వేవాళ్లం, ఆయనా నవ్వేవారు. దాన్ని నేను చమత్కారం అనుకున్నాను. నిజానికి అది తనకు జరుగుతున్నదాన్ని ఒక మనిషి ఎంత ఖచ్చితంగా చెప్పగలడో అంత ఖచ్చితంగా చెప్పిన మాట.

టీవీలో ఆయనకు నచ్చే కార్యక్రమాలు కూడా ఆ కాలంలోనే మారాయి. అంతకుముందు వేదిక నిండా మనుషులుండే హాస్య కార్యక్రమం ఒకటి ఇష్టంగా చూసేవారు. ఉన్నట్టుండి, అందులో గుంపెక్కువైపోయింది, ఎవడు ఎవణ్ణి వెక్కిరిస్తున్నాడో తెలియడం లేదన్నారు. తెరను గళ్లుగళ్లుగా విడగొట్టి అరుచుకునే వార్తల చర్చలు మానేశారు. అందుకు మేమంతా సంతోషించాం. పాటల పోటీ మాత్రం వదిలేవారు కాదు. అందులో ఒక్క మనిషి మధ్యలో నిలబడి పాడతాడు. వంటల కార్యక్రమం మీద అభిమానం పెరిగింది. అందులో తెర మధ్యన ఒక్క మూకుడు ఉంటుంది.

"ఏంటండీ, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు గానీ, గుత్తొంకాయ ఎలా వండాలో చూస్తున్నారా?" అనేది అక్క.

"నీకన్నా బాగా చేస్తోంది ఆవిడ. మాట్లాడకుండా చేస్తోంది."

వయసు పెరిగితే రుచులు మారతాయని నేను అనుకున్నాను. అది తప్పుడు ఊహ కాదు, చాలామంది విషయంలో నిజమే. ఈయన విషయంలో సరిపోలేదు, అంతే.

కళ్ల సంగతి ఎవరికీ తట్టకపోవడానికి చిలకలపూడిలో బలమైన కారణం ఉంది. రాళ్లు పొదిగేవాళ్ల మధ్య ఒక మాట వాడుకలో ఉంది: కన్ను సంగతి రాయే చెబుతుంది. గసగసంత రాయి దాని గుంటలో సరిగ్గా కూర్చుంటే ఆ చెయ్యి మంచిది, ఆ కన్ను మంచిది. బావగారి రాయి ఎన్నడూ పక్కకు ఒరగలేదు. కుర్రవాళ్లు భూతద్దం పెట్టి చేసే జుంకాలను ఆయన మామూలు కళ్లద్దాలతో చేసేవారు. కళ్లద్దాలు మార్పించుకోవడానికి దుకాణానికి వెళితే, బోర్డు మీది అడుగు వరస అక్షరాలు తడుముకోకుండా చదివి మెప్పు పొంది వచ్చారు. బల్లమీద పక్కన పెట్టిన పట్టకారును ఎవరో తీశారని రోజూ కేకలు వేసేవారట. తీరా చూస్తే మోచేతి దగ్గరే ఉండేదట. ఈ సంగతి నాకు తరువాత అక్క చెప్పింది. అంత సన్నటి పని చేసే మనిషికి చూపు తగ్గిందని ఎవరైనా అంటే, ఆ వీధిలో ఎగతాళి చేసి ఉండేవారు. చూపుకు నడుమ ఒకటి, అంచులు వేరొకటి ఉంటాయని, నడుమ చెక్కుచెదరకుండానే అంచులు కాలిపోవచ్చునని రాయి చెప్పలేదు. రాయి గుంట మధ్యలోనే కదా ఉంటుంది.

దివిసీమలో, అవనిగడ్డలో ఉండే బావగారి చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుని ప్రార్థనకు పిలిస్తే, అక్కా ఆయనా నేనూ కలిసి బస్సులో వెళ్లాం. పాస్టరుగారి ప్రసంగం, భోజనాలు ముగిశాక బావగారు నన్ను మెల్లగా బయటికి పిలిచారు.

"ఇక్కడికి దగ్గర్లో గ్రౌండ్ ఉంది. కుర్రాళ్లు ఆడుతున్నారంటమ్మా. పోదాం రా. టీవీవాళ్లు కత్తిరించకుండా చూద్దాం ఒకసారి."

మైదానంలో గడ్డి కన్నా మట్టి ఎక్కువ. గోలుపోస్టులకు వల లేదు. బావగారు ఎడమ గీతకు ఆనుకుని నిలబడ్డారు. ఎండ కళ్లలో పడుతుందని నేను కొంచెం అవతల, గోలు వెనకాల మూలన నీడలో ఆయన వైపు తిరిగి నిలబడ్డాను. అందువల్ల ఆట జరుగుతున్నంతసేపూ ఆయన ముఖం నాకు కనబడుతూనే ఉంది. బంతి మధ్యలో ఉంటే ఆయన కళ్లు దాన్ని చక్కగా వెంబడించాయి. అప్పుడు ఒక ఆటగాడు అవతలి మూల నుంచి బంతిని పైకి లేపి కొట్టాడు. అది గాలిలో చాలాసేపు ఉంది. బావగారికి ఎడమవైపు నుంచి వచ్చింది. నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. బంతి వచ్చి భుజానికి తగిలింది.

దానివెనకే పరిగెత్తుకొచ్చిన కుర్రవాడు ఆయన్ను పడకుండా పట్టుకున్నాడు.

"ఏంటి మావయ్యా, బంతొస్తుంటే దండ పట్టుకుని స్వాగతం చెప్పేలా నిలబడ్డారు?"

"నువ్వెక్కడ మొలిచావురా?" అన్నారు బావగారు, భుజం రుద్దుకుంటూ, నవ్వుతూనే.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్కడ టీవీ లేదు, కెమెరా లేదు, కేబుల్ మనిషి లేడు. ఇన్నేళ్లూ ఆ మాటకు నేను ఇచ్చుకున్న వివరణలన్నీ ఆ మట్టి మైదానంలో ఒక్కసారే పోయాయి.

ఆయన్ను నీడలోకి తీసుకొచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"బావగారూ, ఒక కన్ను మూసుకుని నా ముక్కు చూడండి. ముక్కు తప్ప ఏదీ చూడకూడదు."

"ఇంతమంది ముందు మరదలి ముక్కు చూస్తూ నిలబడితే మీ అక్క నన్నేం చేస్తుందో తెలుసా?"

"అక్కకు నేను చెప్పుకుంటాను. పక్కనుంచి నా వేళ్లు కదులుతూ వస్తాయి. కనబడగానే చెప్పండి."

చేతులు బారగా చాచి వేళ్లు ఆడిస్తూ మెల్లగా లోపలికి తెచ్చాను. నాకు అవి మొదటి నుంచీ కనబడుతూనే ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. చేతులు నా భుజాలు దాటి లోపలికి వచ్చాయి.

"మొదలుపెట్టమ్మా," అన్నారు ఆయన. "ఎంతసేపు చూడను ముక్కు?"

"మొదలుపెట్టాను బావగారూ."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. నా వేళ్లు దాదాపు చెంపల దగ్గరికి వచ్చాక, "ఆఁ, ఇప్పుడు," అన్నారు, చాలా చిన్న గొంతుతో. రెండో కంటితోనూ అంతే.

విజయవాడలో కంటి వైద్యురాలు చూపు పరిధిని కొలిచి, ఆ పటం మా ముందు పెట్టారు. నడుమ తెల్లగా ఒక చిన్న వలయం, చుట్టూ నలుపు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం కొద్దికొద్దిగా చచ్చిపోయిందని, నొప్పి ఉండదు కనుక మనిషికి తెలియదని, పోయింది తిరిగి రాదని, చుక్కలు తప్పకుండా వేసుకుంటే ఉన్నదాన్ని కాపాడుకునే అవకాశం ఉందని చెప్పారు. గ్లకోమా అనే ఈ జబ్బును తెలుగులో నీటికాసులు అంటారన్నారు.

"కాసులా?" అన్నారు బావగారు. "కాసులపేర్లకి రాళ్లు పెట్టీ పెట్టీ, కాసులు కంట్లోకే వచ్చేశాయన్నమాట."

ఆ గదిలో ఆయన ఒక్కరే నవ్వారు. అక్క తన హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి మళ్లీ వేసింది.

జరిగిపోయాక వెనక్కి తిరిగి చూస్తే ప్రతిదీ లక్షణంలాగే కనబడుతుంది. నాకు ఈ ప్రమాదం తెలుసు. పాటల పోటీ ఇష్టపడినవాళ్లందరికీ కంటి జబ్బు లేదు. వింగర్లను తిట్టిన అభిమానులందరికీ లేదు. ఆ ఆదివారాల్లోనే ఎవరైనా గ్రహించి ఉంటే ఎంత చూపు మిగిలేదో లెక్కగట్టే మార్గం లేదని వైద్యురాలు కూడా నిజాయితీగా ఒప్పుకున్నారు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను, ఇవన్నీ సరైనవే. అయినా బందరు బస్సులో కూర్చున్న ప్రతిసారీ, చేతిలో ఫోన్ పట్టుకుని "ఇందులో ఉన్నాడే!" అన్న ఆయన ముఖం గుర్తొస్తుంది. ఆ మాటను నేను తప్పుడు వాదనగా వినకుండా, ఒక కొలతగా విని ఉండవలసింది.

చుక్కలు వేసుకోవడంలో బావగారు ఎప్పుడూ అశ్రద్ధ చేయలేదు. పొదిగే పనికీ ఆటంకం రాలేదు. దెబ్బ తిన్నది ఆయన తీర్పు. ఆటగాళ్లను తన కళ్లతో చూసి ఒక మాట అనగల మనిషిగా ఆయనకు తనమీద ఉన్న నమ్మకం పోయింది. మొదట్లో, ఎడమ పక్క సంగతి నన్ను చెప్పమన్నారు.

"ఇప్పుడేం చేస్తున్నాడు మనవాడు?"

"ముందుకు వెళ్తున్నాడు… ఆఫ్‌సైడ్ కావచ్చు, ఒక్క నిమిషం…"

"నువ్వు తేల్చేలోపు వాళ్లు స్నానాలు చేసి ఇంటికెళ్లిపోతారు."

నిజమే. రూఢి చేసుకోకుండా మాట్లాడడం నాకు చేతకాదు. రూఢి అయ్యేదాకా ఆట ఆగదు. పైగా నేను చెప్పి ఆయన విన్నదంతా మా నియమం ప్రకారం 'అట' కిందికే వస్తుంది. ఆ సంగతి ఆయనే అన్నారు, నిష్ఠూరంగా కాదు. తరువాతి వారం నుంచి రిమోట్ అక్క చేతికిచ్చేశారు.

"నీ సీరియల్ పెట్టుకో. అందులో ఎవరు ఏం చేసినా ముందు నోటితో చెప్పి చేస్తారు."

"ఫుట్‌బాల్ వద్దా?" అంది అక్క.

"వద్దు. చూడకుండా తిట్టానని తెలిశాక ఇంకేం చూస్తాం. ఆ కుర్రాణ్ణి మా బజార్లో నేను అనని మాట లేదు. నిద్రపోతున్నాడన్నాను, దొంగాట అన్నాను."

కొన్ని ఆదివారాలు మేము ముగ్గురం సీరియల్ చూశాం. ఆయన దాని మీద ఏ అభిప్రాయమూ చెప్పలేదు. అలా ఏమీ అనకుండా టీవీ ముందు కూర్చున్న ఆయన్ను నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఒకసారి తరగతిలో కోణాల పాఠం చెబుతూ, దూరం జరిగినకొద్దీ వస్తువు కంటి దగ్గర చేసే కోణం చిన్నదవుతుందని బోర్డు మీద గీస్తున్నాను. అప్పుడు నాకు ఆ ఫోన్ సంగతి పూర్తిగా అర్థమైంది: చెయ్యి చాచి పట్టుకున్న ఆ చిన్న తెర చేసే కోణం తక్కువ కనుకే, ఆయనకు మిగిలిన వలయంలో అది మొత్తం పట్టింది. చూపు మందగించినవాళ్లను దగ్గరికి జరగమనడం అందరికీ అలవాటు. జబ్బు తెలిసినప్పటి నుంచి మేమూ ఆయన కుర్చీని టీవీకి దగ్గరగానే జరిపాం. జరిపినకొద్దీ మైదానం ఆయన వలయంలోంచి బయటికి పోయింది. చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

తరువాతి ఆదివారం అక్కను సీరియల్ ఆపమని, కుర్చీని గోడ దాకా జరిపాం. చాల్లేదు. గడప దగ్గర వేశాం. ఇంకొంచెం కావాలన్నారు. చివరికి తలుపులు రెండూ తీసి బయట అరుగు మీద వేశాం. తెర అక్కణ్ణుంచి పుస్తకం అంత కనబడుతోంది.

"ఇంకా వెనక్కెళితే ఎదురింటివాళ్ల అరుగు మీద కూర్చోవాలి," అంది అక్క. "వాళ్లు టిఫిన్ కూడా పెడతారులెండి."

బావగారు వినలేదు. మెడ కదపకుండా చూస్తున్నారు.

"రెండు గోలుపోస్టులూ ఉన్నాయమ్మా," అన్నారు మెల్లగా. కాసేపటికి, "ఆ గీత పక్కన ఉన్నది వాడేనా?"

"వాడే బావగారూ."

"చెయ్యెత్తుతున్నాడు. బంతి అడుగుతున్నాడు. ఎవడూ ఇవ్వట్లేదేం?" మళ్లీ కొంతసేపు చూశారు. "మొదట్నుంచీ ఇంతేనా? చెయ్యెత్తే ఉన్నాడా ఇన్నాళ్లూ?"

ఆ ఒక్క ప్రశ్నకు నేను రూఢి చేసుకోవలసిన పని లేదు.

"మొదట్నుంచీ అంతే."

ఎడమ గీత పక్కన ఆ కుర్రవాడు ముందుకు పరిగెత్తడం, చెయ్యెత్తడం, బంతి రాక వెనక్కి నడవడం, మళ్లీ పరిగెత్తడం. బావగారు బంతిని వదిలేసి అతన్నే చూస్తున్నారు. చుక్కలు పని చేస్తే ఈ అరుగు సరిపోతుంది. చేయకపోతే దీని వెనక కాలవ, దాని వెనక వీధి. ఆ విషయం ముగ్గురికీ తెలుసు.

అక్క టీ తెచ్చింది. ఎప్పటిలా ఆయన ఎడమ చేతివైపు వచ్చి, అటు కనబడదని గుర్తొచ్చి ఆగి, చుట్టూ తిరిగి సరిగ్గా ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇదిగోండి, టీ."

"తప్పుకోవే, తప్పుకో! వాడికి బంతి వచ్చింది!"

ఆమె కంగారుగా పక్కకు జరిగేసరికి బంతి మళ్లీ మైదానం మధ్యలో ఉంది.